అవ్వ చెప్పని సగం

మా నాయిన ఉపదేశి. పాస్టరుగారు రాలేని ఊళ్ళకు వెళ్ళి, వాడల్లో పిల్లలకు నాలుగు అక్షరాలూ పాటలూ నేర్పి, ఆదివారం వాక్యం చెప్పి, జబ్బుపడ్డవాళ్ళ మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసే మనిషిని మా వైపు ఉపదేశి అంటారు. అచ్చంపేట చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆయన సైకిల్ మీద తిరిగేవాడు. హ్యాండిల్‌కు ఒక గుడ్డసంచి, అందులో బైబిలు, పాటల పుస్తకం, మారు పంచె. నల్లమల కింది బాటల్లో తాను సైకిల్ ఎక్కిన దూరం కంటే సైకిల్ తనను ఎక్కిన దూరమే ఎక్కువని నవ్వేవాడు.

ఆయనది సన్నటి గొంతు. కొందరిలాగా బల్ల గుద్ది, అరిచి చెప్పేవాడు కాదు. కానీ కనికరం అనే మాట దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగేవాడు. ఆ ఆగడం కోసమే జనం ఎదురుచూసేవాళ్ళని మా అమ్మ అనేది. "మనం మాట ఇనం. ఆదాము కాలం సంది గంతే. పొమ్మంటె ఉంటం, ఉండుమంటె పోతం. అయినా దేవుడు మన ఎన్క వస్తడు. కట్టె పట్టుకోని గాదు, కనికరం తోని వస్తడు" అని చెప్పేవాడు. నాకు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో ఉన్నప్పటి మాట ఇది. నాకు అప్పుడు అదంతా ఎవరో వేరే మనుషుల గురించి చెబుతున్నట్టుగా ఉండేది. మా ఇంట్లో మాట విననివాళ్ళు ఎవరున్నారు?

మా ఇంట్లో ఇంకో కథ ఉండేది. అది నాయిన చెప్పేవాడు కాదు, అవ్వ చెప్పేది. చింతపండు గింజలు తీస్తూనో, కందులు ఇసురుతూనో, పొద్దు గూకే వేళ అరుగు మీద కూర్చుని చెప్పేది. అది మా తాత చావు కథ.

మా సొంత ఊరు డిండి వాగు పక్కన. తాత, తాత తమ్ముడు ఇద్దరూ తోలు పని చేసేవాళ్ళు. ఊరి మోటలకు తోలు బొక్కెనలు కుట్టడం, మోకులు పేనడం వాళ్ళ పని. నిజాం రాజ్యం ఇంకా గట్టిగా ఉన్న రోజులు. ఊరి దొరకు వాడలోని ప్రతి ఇల్లూ వెట్టి చేయవలసిందే. ఒక ఏడు వానలు తగ్గాక, మిషన్ నుంచి వచ్చిన అయ్యగారి చేతుల మీదుగా మా తాతా ఇంకొన్ని ఇండ్లవాళ్ళూ వాగులో బాప్తిస్మం తీసుకున్నారు. బోదగడ్డి కప్పి ఒక ప్రార్థన గుడిసె కూడా వేసుకున్నారు. ఆ తర్వాత ఒక ఆదివారం, మా మాటలో ఐతారం, దొర ఉండే గడి నుంచి పిలుపు వస్తే తాత పోలేదు. రెండోసారి పిలుపు వస్తే పోయి, గడి ముందర నిలబడి, "ఆరు దినాలు నీవి దొరా, ఎప్పుడు రమ్మన్న వస్త. ఐతారం దేవునిది" అన్నాడట.

దొర అరవలేదట, తిట్టలేదట. "సరే. ఇయ్యాల పని జెయ్యకు. నిలబడు" అన్నాడట. గుర్రాలను కట్టేసే రాతి కంబానికి కట్టేయమని చెప్పాడు. కట్టడానికి పిలిచింది ఎవరినో కాదు, తాత తమ్ముణ్ణే.

"తోడబుట్టినోడే కట్టిండు. ఇద్దరు గల్సి పేనిన మోకుతోనే కట్టిండు" అని అవ్వ చెప్పేది. ఎండాకాలం. పొద్దు తిరిగేదాకా తాత ఆ కంబానికి నిలబడే ఉన్నాడు. బాప్తిస్మం తీసుకున్న ఇండ్లలో నుంచి ఒక్క మనిషి కూడా గడి వైపు రాలేదు. "ఇంటికొచ్చి మంచం పట్టిండు. మిరుగు వానలు పడకముందే పోయిండు" అనేది అవ్వ. కథ అంతటితో అయిపోయేది. ఆ తర్వాత అవ్వ చిన్నపిల్లవాడైన నాయినను వెంట తీసుకుని మిషన్ దవాఖాన ఉన్న ఊరికి వచ్చి, అక్కడి వంటశాలలో పనికి కుదిరింది. నాయిన మిషన్ బడిలో చదువుకున్నాడు. మా ఊళ్ళో మిగిలిన ఇండ్లవాళ్ళు భయపడి మళ్ళీ ఐతారం వెట్టికి పోవడం మొదలుపెట్టారు. ప్రార్థన గుడిసెలో గొడ్లను కట్టేశారు. నాయిన ఆ ఊరి పొలిమేర మళ్ళీ తొక్కలేదు.

సీతాఫలాలు పండే రోజుల్లో ఒకనాటి సాయంత్రం పెద్ద పాస్టరుగారు మా ఇంటికి వచ్చారు. మేమందరం ఆయన్ను పెద్దయ్యగారు అనేవాళ్ళం. నాయినను చిన్నప్పటి నుంచి చదివించింది ఆయనే. అమ్మ నులక మంచం వాల్చి దుప్పటి పరిచింది. ఆయన కూర్చున్నారు గానీ, అమ్మ తెచ్చిన చాయ్ ముట్టుకోలేదు.

"నీకొక ఊరు ఒప్పజెప్పాలని సంఘం అనుకున్నది" అన్నారు.

"ఏ ఊరు అయ్యగారూ?"

పెద్దయ్యగారు మా ఊరి పేరు చెప్పారు. అరుగు మీద అవ్వ చేతిలోని చాట ఆగిపోయింది.

"దొర ఇల్లు ఖాళీ జేసి పట్నం బోయిండట. ఇగ భయం లేదు, మాకు వాక్యం జెప్పే మనిషిని ఇయ్యిర్రి అని వాడొళ్ళు మొన్న సంఘం ముందట నిలబడి అడిగిన్రు."

"ఎవలు అడిగిన్రు?"

"మీ చిన్నాయిన."

నాయిన ముఖంలో నేను అంతకుముందు ఎప్పుడూ చూడని నవ్వు ఒకటి వచ్చింది. "భయం పోయినంక భక్తి వచ్చిందా వాళ్ళకు?" అన్నాడు. "మా నాయిన నిలబడ్డనాడు ఒక్కడన్న వచ్చి పక్కన నిలబడలె అయ్యగారూ. ఇయ్యాల దొర లేడని దేవుడు గావల్సొచ్చిండా? నేను బోయి వాళ్ళ నడుమ కూసోని, మీ పాపాలు కొట్టుకపోయినయి అని చెప్పాల్నా? దేవుడు క్షమిస్తె క్షమించనీయిర్రి. గది ఆయన ఇష్టం. నా నోటితోని చెప్పుమనకుర్రి."

"ఉపదేశి పని తీసుకున్న దినం నీ నోరు నీది గాదని సంఘం ముందట నువ్వే అన్నవు" అన్నారు పెద్దయ్యగారు.

"అయితె నాకు గా పనే వద్దు."

పెద్దయ్యగారు లేచేటప్పుడు నాయిన భుజం మీద చెయ్యి వేయబోయి, ఎందుకో మానుకుని వెళ్ళిపోయారు.

ఆ మరునాడు అవ్వ కోడిని కోసింది. పండగ లేదు, చుట్టాలు లేరు. నాయిన పళ్ళెంలో పెద్ద ముక్కలు వేసింది. అమ్మ మాత్రం తినలేదు. ఆ వారంలోనే నాయిన ఉపదేశి పని విడిచిపెట్టాడు.

అప్పుడే నందికొండ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పని మొదలైంది. పాలమూరు నుంచి కూలీలు గుంపులు గుంపులుగా అటే పోతున్నారు. నాయినకు చదువు వచ్చు కాబట్టి రాళ్ళు కొట్టేచోట మేస్త్రీ పని దొరికింది. దేవరకొండ దాకా బస్సు, అక్కణ్ణుంచి సిమెంటు లారీ. మా సామాను మీద మేం, మా మీద దుమ్ము. లారీ దిగేసరికి అవ్వ తెల్లచీర ఏ రంగో ఎవరికీ తెలియకుండా పోయింది.

అక్కడ మాది ఒకే గది రేకుల ఇల్లు. పగలు రేకులు కాలి ఇంట్లో నిలవనిచ్చేవి కావు. కొండలను పేల్చే ముందు సైరన్ మోగేది. సైరన్ వినగానే అమ్మలు పిల్లల పేర్లు పెట్టి అరుస్తూ ఇండ్లలోకి లాక్కునేవాళ్ళు. ఆ తర్వాత నేల కింద నుంచి వచ్చే శబ్దానికి సట్లు, గిన్నెలు కదిలేవి. దూరంగా లోయలో కృష్ణ సన్నగా కనిపించేది. పిల్లలకు ఆ చోటు బాగానే ఉండేది, నేను కాదనను. ఎన్నెన్ని ఊళ్ళ భాషలో, ఎన్నెన్ని రకాల తిట్లో అక్కడే విన్నాను.

ఇంట్లో మాత్రం ఒక వెలితి. నాయిన ప్రార్థన చేయడం మానేశాడు. అన్నం ముందు అమ్మే రెండు ముక్కలు పెదవుల్లో అనుకునేది. ఆయన పళ్ళెం వైపు చూస్తూ కూర్చునేవాడు.

ఆనకట్ట పని ఏ రోజూ ఆగేది కాదు. మేం వెళ్ళాక వచ్చిన మొదటి ఐతారం నాడు నాయిన తలకు రుమాలు చుట్టుకుని గడప దాటుతుంటే అవ్వ అడిగింది.

"ఇయ్యాల ఏం వారం?"

"ఐతారం."

"ఏడికి బోతున్నవు?"

"పనికి."

"ఎవల పని?"

"సర్కారు పని" అని వెళ్ళిపోయాడు.

అవ్వ ఆ పూట తడక పక్కన కూర్చుని రాళ్ళ బాట వైపే చూస్తూ ఉండిపోయింది. తన మొగుడు ఏ దినం కోసం ఎండలో నిలబడ్డాడో ఆ దినమే కొడుకు తలపాగా చుట్టుకుని పనికి పోతున్నాడు. అది కూడా ఆ మొగుడి మీది ప్రేమతోనే, అతని తరఫు కోపంతోనే. ఇది నేను ఇప్పుడు ఆలోచించి రాస్తున్న మాట. అప్పుడు నాకు తెలిసిందల్లా అవ్వ ఆ రోజు ఇసుర్రాయి దగ్గరికి పోలేదనీ, అమ్మ పిలిచినా పలకలేదనీ. రెండు మూడు ఐతారాలు అవ్వ అదే ప్రశ్న అడిగింది. తర్వాత అడగడం మానేసింది.

ఎండలు ముదిరాక ఒకనాడు మధ్యాహ్నం మా తడక ముందర ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. మోకాళ్ళ దాకా దుమ్ము. భుజం మీద గొంగడి, చేతిలో కట్టె.

"వదినె" అని పిలిచాడు.

అవ్వ తలెత్తి చూసింది. "ఎవలికి వదినెను?" అంది.

అప్పుడు నాకు తెలిసింది ఆయన ఎవరో. తాత తమ్ముడు, మా చిన్నతాత. డిండి నుంచి కొంత నడిచి, కొంత ఎవరెవరి బండ్ల మీదనో ఎక్కి, అడుక్కుంటూ, దారి అడుగుతూ వచ్చాడు. అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన చెంబు అందుకోలేదు. "జర ఆగు బిడ్డా. ముందుగాల నా మాట చెప్పుకోనీ" అని ఎండలోనే కింద కూర్చున్నాడు.

అదే సమయానికి నాయిన అన్నానికి వచ్చాడు. తడక దగ్గర ఆగి, కింద కూర్చున్న మనిషిని చూశాడు. చిన్నతాత కట్టె పట్టుకుని లేవబోయి, లేవలేక, అక్కణ్ణుంచే చేతులు జోడించాడు.

"మా నాయినను కట్టిన చేతులు గివేనా?" అన్నాడు నాయిన. ఆయన గొంతు ఎప్పటిలాగే సన్నగా ఉంది. అందుకే నాకు భయమేసింది.

చిన్నతాత తన చేతుల వైపు చూసుకున్నాడు. తోలు పనిలో వేళ్ళు వంకర్లు పోయిన చేతులు. "గివే" అన్నాడు. "దొర కట్టుమన్నడు, కట్టిన. ముందుగాల వదులుగ కట్టిన. దొర చూసి బిగించుమన్నడు. బిగించిన. గది నేను ఎవలికి చెప్పుకోలె ఇప్పటిదాంక. నన్ను క్షమించుమని అడగనీకి రాలె బిడ్డా. గది అడిగే మొకం నాకు లేదు. వాడల పిల్లగాండ్లున్నరు. నాలెక్క భయపడుకుంట బతుకొద్దని ఒక మాట జెప్పేటోడు లేడు. నువ్వు రాకున్న ఇంకెవలినన్న పంపుమని అయ్యగారికి చెప్పు. నీ మాట ఇంటడట."

నాయిన బిందెలో నీళ్ళు ముంచుకుని కాళ్ళు కడుక్కున్నాడు. అన్నం తినకుండానే రుమాలు మళ్ళీ తలకు చుట్టుకుని బయటికి పోబోయాడు. చిన్నతాత కూడా కట్టె ఊతం చేసుకుని లేచాడు.

"ఇద్దరు ఆగుండ్రి" అంది అవ్వ.

ఆమె చిన్నతాత వైపు తిరిగింది. "ఆ దినం మీ అన్నను ఇంటికి ఎవలు దెచ్చిన్రో జెప్పు."

"ఇప్పుడెందుకు వదినె గదంత?"

"నువ్వు జెప్పవు. నేనే జెప్త." అవ్వ లేచి నిలబడింది. కూర్చుని చెప్పే కథ కాదని అనుకుందేమో. "నీ నాయిన కట్లు ఇప్పంగనే పడిపోయిండురా. నడిచి రాలె. గీయనే భుజం మీద ఏసుకోని తెచ్చిండు. దొర మనుషులు ఎన్కనుంచి నవ్వుతనే ఉన్నరు. నేను తలుపుల నిలబడి, అన్నను కట్టిన కుక్కవు, మా గడప తొక్కకు అని తిట్టిన. నీ నాయిన నన్ను ఆపిండు. వాన్ని తిట్టకు, వాడు భయపడ్డడు, భయపడుడంటె ఎట్లుంటదో నాకెర్కలేదా అన్నడు."

నాయిన గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు.

"మంచంల ఉన్నన్ని దినాలు గీయన చేతి అంబలే తాగిండు. నేను పోస్తె పక్కకు పెట్టు అనేటోడు. తమ్మున్ని పిలువు అనేటోడు. నాకు గదే మండింది. దొర మీద గంత మండలె. నీ నాయిన పోయినంక, గీయనను పాడె ముట్టనియ్యలె నేను. వాడలందరి ముందట ఎల్లగొట్టిన. నీకు సగమే జెప్పుకుంట వచ్చిన. అంత జెప్తె నీ కోపం సల్లారుతదనుకున్న. మొగడు పోయి, ఊరు పోయి, నాకు మిగిలింది గా కోపమొక్కటే ఉండె బిడ్డా. నీకు గదే పెట్టి సాదిన."

చిన్నతాత గొంగడి అంచుతో ముఖం కప్పుకుని ఏడుస్తున్నాడు. నాయిన అవ్వ వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. అందులో జాలి లేదు. "ఇన్నేండ్లు" అన్నాడు. రాళ్ళ బాట పట్టి పోయాడు.

అవ్వ లోపలికి వెళ్ళి జొన్నరొట్టె, పచ్చిపులుసు తెచ్చి చిన్నతాత ముందు పెట్టింది. "తిని పో" అంది. ఆయన రేకుల చూరు నీడలో కూర్చుని తిన్నాడు. చెంబు నీళ్ళు తాగి, మాకందరికీ దండం పెట్టి, అప్పుడే వెళ్ళిపోయాడు.

ఇక అంతా సర్దుకుందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆ తర్వాత చాలా రోజులు నాయిన అవ్వతో మాట్లాడలేదు. అప్పటిదాకా చిన్నాయిన మీద, వాడ మీద ఉన్న కోపం మొత్తం ఇప్పుడు అవ్వ మీదికి తిరిగినట్టు ఉండేది. అవ్వ పెట్టిన కూడు తినేవాడు కాదు, అమ్మ పెడితేనే తినేవాడు. అవ్వ తనకు రావలసిందే వచ్చిందన్నట్టు ఓర్చుకునేది. చిన్నపిల్లనైనా అవ్వను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది.

తొలకరి పడ్డాక ఒక ఐతారం నాడు పనివేళ సైరన్ మోగింది, బాటలో కూలీలు నడుస్తున్నారు, నాయిన మాత్రం కదలలేదు. ఉతికిన పంచె కట్టుకుని గడపలో కూర్చున్నాడు. అవ్వ పొయ్యి దగ్గర ఉంది. ఆయన అవ్వ వైపు చూడకుండానే అడిగాడు.

"భయపడుడంటె నాకెర్కలేదా అన్నడా?"

"అన్నడు."

"అంటె ఆయన గూడ భయపడ్డడా?"

అవ్వ పొయ్యిలోని కట్టె బయటికి లాగింది. "గడికి పోయేటప్పుడు కాళ్ళు వణికినయి బిడ్డా. తలుపు పట్టుకోని నిలబడ్డడు. పోకుంటె ఏమైతది అని నన్నే అడిగిండు. పోయినంక గా మాట ఎట్లన్నడో ఆయనకే తెల్వదు. నా నోట్ల ఎవలో పెట్టిన్రు అనేటోడు."

నాయిన రెండు అరచేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. ఆయన అంతసేపు ఏడవడం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. పెద్దయ్యాక, నేను దవాఖాన పనిలో ఉన్నప్పుడు, ఆ రోజు గురించి ఒకసారి అడిగితే ఆయన చెప్పాడు. తన తండ్రి ఏనాడూ భయపడని మనిషి అని నమ్ముకుని బతికాడట. ఆ ధైర్యం ముందు నిలబెట్టి చూస్తే చిన్నాయినా వాడా అందరూ పురుగుల్లా కనిపించేవారట. తండ్రి కూడా వణికాడని తెలిసిన రోజు, తాను ఎవరిని చూసి అసహ్యపడ్డాడో వాళ్ళూ తన తండ్రీ ఒకే మట్టి అని తెలిసిందట. దేవుడు ఒక ఊరికి పొమ్మంటే తాను ఇంకో దిక్కుకు పరుగెత్తాడు గదా, అదీ భయమే గదా అన్నాడు. "క్షమిస్తె మా నాయిన చిన్నగ అయితడేమో అని భయపడ్డ" అన్నాడు.

ఆ పూట అన్నం ముందు నాయిన పైకి ప్రార్థన చేశాడు. పొడుగు ప్రార్థన కాదు. మేము ఇతరులను క్షమించినట్టు మమ్మల్ని క్షమించమని ప్రభువు నేర్పిన మాట దగ్గర ఆయన ఆగిపోతే, అవ్వ అందుకుని పూర్తిచేసింది.

మేం ఆనకట్ట విడిచి వచ్చేశాం. నాయిన పెద్దయ్యగారి దగ్గరికి పోయి తప్పు ఒప్పుకుంటే, "నాకు ఒప్పుకుంటె సరిపోదు, సంఘానికి ఒప్పుకో" అన్నారాయన. మా సంఘంలో అది కొత్త కాదు. తాగినవాళ్ళు, కొట్లాడినవాళ్ళు ఆరాధన అయ్యాక లేచి అందరి ముందు ఒప్పుకునేవాళ్ళు. అయితే అలా ఒప్పుకునేవాళ్ళ పక్కన నిలబడి ప్రార్థన చేసిన మనిషే ఇప్పుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆడవాళ్ళ వైపు చాప మీద అమ్మ ఒళ్ళో తల దాచుకుని నేను విన్నాను.

"దేవుడు పొమ్మన్న ఊరికి పోలె" అన్నాడు నాయిన. "కనికరం గురించి మీకు ఎన్నేండ్లో జెప్పిన. గది నాకు ఇష్టం లేనోళ్ళకు గూడ వస్తదని తెల్సినంక తట్టుకోలేకపోయిన. ఐతారం ఇడిసిపెట్టిన, ప్రార్థన ఇడిసిపెట్టిన. నన్ను ఉపదేశిగ తీసుకోకుర్రి. మీల ఒకనిగ కూసోనియ్యిర్రి."

సంఘ పెద్దల్లో ఒకాయన లేచి, గొర్రెలను విడిచి పారిపోయిన కాపరిని మళ్ళీ ఎట్లా నమ్ముతాం అని అడిగాడు. న్యాయమైన మాటే. పెద్దయ్యగారు, బైబిల్లో తప్పిపోయి ఇంటికి తిరిగొచ్చిన చిన్నకొడుకు గురించి మనం ఎప్పుడూ చెప్పుకుంటాం, వాడికి విందు చేశారని అలిగి బయట నిలబడ్డ పెద్దకొడుకును మరిచిపోతాం అన్నారు. "తండ్రి గా పెద్దోని కోసం గూడ విందు ఇడిసిపెట్టి బయటికొచ్చిండు. మనం తలుపు ఏసుకుందమా?" అని అడిగారు.

కొన్ని నెలలు నాయిన వెనక వరుసలో కూర్చున్నాడు. ప్రభువు బల్ల నాడు, అంటే క్షమాపణకు గుర్తుగా సంఘమంతా రొట్టె పంచుకునే రోజున, పళ్ళెం ఆయనకు ఇవ్వకుండా ముందు నుంచి దాటిపోయేది. ఆ రోజుల్లో దవాఖాన తోటలో పాదులు చేసేవాడు. వానాకాలం పోయి, కందులు కోతకు వచ్చాక, సంఘం ఆయన్ను మళ్ళీ ఉపదేశిగా తీసుకుని, పోనన్న మా ఊరికే పంపింది.

ఆ ఊళ్ళో మేం బండి దిగేసరికి చిన్నతాత గొడ్లను వేరేచోటికి మార్చి, పాత ప్రార్థన గుడిసెను అలికి పెట్టాడు. జనం గుంపుగా వచ్చారు గానీ ఎవరూ దగ్గరికి రాలేదు. వాళ్ళు నాయినను చూస్తున్నారు, నాయిన నేలను చూస్తున్నాడు. ఆ మొదటి ఐతారం ఆయన బైబిలు తెరవలేదు. తాతను కట్టిన కథ చెప్పాడు. అవ్వ దాచిన సగంతో సహా చెప్పాడు. తాను ఆనకట్టకు పారిపోయిన సంగతి కూడా చెప్పాడు. "ఇన్నేండ్లు నేను మీకన్న మంచోణ్ణి అనుకున్న" అని కూర్చున్నాడు. వెనక నుంచి ఒక ముసలామె, "మేం గూడ తడకల సందుల్లకెళ్ళి చూసినం బిడ్డా. చూసుకుంట ఉన్నం" అంది. ఆ తర్వాత ఒక్కొక్కరూ మాట్లాడారు. కొందరు మాట్లాడకుండానే లేచిపోయారు. రెండు మూడు ఇండ్లవాళ్ళు ఆ తర్వాత కూడా గుడిసె మొహం చూడలేదు. నాయిన వాళ్ళ ఇండ్లకు పోతూనే ఉండేవాడు.

చిన్నతాత ప్రతి ఐతారం వచ్చేవాడు. పిల్లలను అరిచి కూర్చోబెట్టేవాడు. కానీ పెద్దయ్యగారు వచ్చి రొట్టె పంచిన రోజు మాత్రం లేచి బయటికి పోయేవాడు. నాయిన అడిగితే, "నాకు ఇంక ధైర్యం రాలె" అనేవాడు. నాయిన బలవంతం చేయలేదు. అవ్వా ఆయనా అవసరమైన మాటలే మాట్లాడుకునేవాళ్ళు. కట్టెలు తెచ్చావా, ఉప్పు ఉందా, అంతే.

ఇంకో ఏడాదికి, ఈస్టర్ నాడు, తెల్లవారుతుండగా వాగు ఇసుకలో ఆరాధన పెట్టుకున్నాం. పెద్దయ్యగారికి అప్పటికి చూపు తగ్గింది. పళ్ళెం నాయిన పట్టుకుని ఆయన వెంట వరుసలో నడుస్తున్నాడు. ఆ రోజు చిన్నతాత లేచిపోలేదు. మగవాళ్ళ వరుస చివర, ఆడవాళ్ళ వరుస మొదలయ్యేచోట కూర్చున్నాడు. పళ్ళెం ముందుకు వచ్చేసరికి ఆయన వంకర వేళ్ళతో రొట్టెముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు. నమిలి, మింగి, అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయి, అందరికీ వినబడేట్టుగా, "ఇగ నేనేం జెయ్యాలె?" అని అడిగాడు.

నాయిన పళ్ళెంతో అక్కడే ఆగాడు. "ఏం లేదు చిన్నాయినా" అన్నాడు. "కూసో."

పక్కనున్న అవ్వ కొంగు దగ్గరికి లాక్కుని, ఆయన సరిగ్గా కూర్చోవడానికి కొంచెం జరిగింది.

నేను నర్సు చదువుకు మిషన్ దవాఖానకు వెళ్ళేదాకా మేం ఆ ఊళ్ళోనే ఉన్నాం. బోదగడ్డి గుడిసె స్థానంలో వాడవాళ్ళే రాళ్ళు మోసి చిన్న గది కట్టుకున్నారు. చిన్నతాత అది పూర్తయ్యేదాకా బతకలేదు. అవ్వ బతికింది. పునాదుల్లో పడ్డ రాళ్ళలో సగం ఆయనే ఏరి కుప్పలు పోశాడని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నాయినను సంఘం వేరే ఊరికి మార్చాలనుకున్నప్పుడల్లా వాడవాళ్ళు పోయి పెద్దయ్యగారిని బతిమాలి ఆయన్ను ఉంచుకునేవాళ్ళు. ఆయన ఆ ఊళ్ళోనే ముసలివాడయ్యాడు.